మచ్చలు తీసేసే కెమెరా

మొన్న ఆదివారం మీరిద్దరూ ఫోన్లో పోట్లాడుకుంటుంటే విన్నాను. లలితేమో ఒక కంపెనీ కెమెరా ఒంటి రంగు బాగా చూపిస్తుందంది. కిరణ్ ఇంకో కంపెనీ పేరు చెప్పి, దాంతో తీసిన ఫోటో వంద ఫోటోల్లో కలిపేసినా గుర్తుపడతానన్నాడు. చివరికి ఇద్దరూ నా మీద పడ్డారు. "అమ్మమ్మా, నువ్వు కదా స్టూడియోలో పనిచేసింది, నువ్వు చెప్పు" అన్నారు. నేను "చూద్దాంలెండి" అని పెట్టేశాను. అది ఫోన్లో తేలే మాట కాదు.

లలితా, నువ్వు హైదరాబాదులో పెళ్ళి ఫోటోల వాళ్ళ దగ్గర చేరావట. కంప్యూటర్ మీద మొహాలు నున్నగా చేసే పని అని మీ అమ్మ చెప్పింది. అదే పని నేను రాయగడలో పెన్సిల్‌తో చేశాను, పదిహేడేళ్ళు. అందుకని నీ కోసమే ఎక్కువగా రాస్తున్నాను. కిరణ్ కూడా చదవొచ్చు.

పెన్సిల్ పని

అరవైల నడుమ మీ తాతయ్యకి రాయగడ స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఉద్యోగం. మేం రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మీ అమ్మ ఇంకా పుట్టలేదు. స్టేషన్ నుంచి బజారుకి పోయే దారిలో కామేశం గారి స్టూడియో ఉండేది. ఆయనది పార్వతీపురం. ఆయన భార్య నాచేత జాకెట్టు మీద పువ్వులు కుట్టించుకుంది. ఆ కుట్టు పట్టుకుని ఆయనే ఒకరోజు మా క్వార్టరుకి వచ్చాడు.

"ఏటమ్మి, ఇది నువ్వే కుట్టేవా? సూది ఎక్కడ దిగిందో కనపడ్డం లేదు. నాకూ అలాటి పనే కావాల" అన్నాడు.

మీ తాతయ్య గడపలోంచే, "ఫోటోల కొట్లో ఆడోళ్ళకేటి పని బాబూ?" అన్నాడు.

"ఎనక గదిలో కిటికీ కాడ కూకుని సేసే పనే. ఎవులి మొకం సూడక్కర్లేదు" అన్నాడు కామేశం గారు.

అది అబద్ధం. పదిహేడేళ్ళూ మొహాలు చూడడం తప్ప నేను ఇంకో పని చెయ్యలేదు.

వాలుగా నిలబెట్టిన అద్దపు బల్ల ముందు కూర్చోవాలి. కిందనుంచి ఇంకో అద్దం కిటికీ వెలుతురుని పైకి కొడుతుంది. నడుమ నెగెటివ్. అందులో మొహం నల్లగా, జుట్టు తెల్లగా ఉంటుంది. మొహం మీద గుంట ఉంటే ఆ చోట ఫిల్ము పల్చబడి చిన్న వెలుగు చుక్కలా మెరుస్తుంది. జిగురులాంటి మందు రాసి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ఆ చుక్కని కొంచెం కొంచెంగా నింపాలి. నింపితే ఫోటోలో గుంట మాయం. ఆ రోజుల్లో పదిమందిలో ముగ్గురికి మొహం మీద అమ్మవారు పోసిన మచ్చలు ఉండేవి. నా పెన్సిల్ బతుకంతా ఆ గుంటల్లోనే అరిగిపోయింది.

నింపడం అయ్యాక చీకటి గదిలో ఫోటో వేసేదీ నేనే, కడిగేదీ నేనే. కామేశం గారు తీసేవాడు, అంతవరకే.

జర్మనీది, జపాన్‌ది

మా దగ్గర రెండు కెమెరాలుండేవి. కంపెనీల పేర్లు మాలో ఎవరికీ నోరు తిరిగేవి కావు. ఒకటి జర్మనీది, ఇంకోటి జపాన్‌ది. జర్మనీది పాతది. జపాన్‌ది కామేశం గారు విశాఖపట్నం ఓడరేవులో ఎవరో ఓడ మనిషి దగ్గర కొనుక్కొచ్చాడు.

జేకేపూర్ కాగితం మిల్లు కాలనీ నుంచి వచ్చే ఆఫీసర్లు కుర్చీలో కూర్చోకముందే, "జర్మనీదేనా?" అని అడిగేవాళ్ళు. ఒకాయనైతే తన ఇంట్లో ఉన్న మా ఫోటోలన్నీ తెచ్చి చూపించి, "ఈ గోధుమ రంగు ఛాయ చూశారా, జర్మనీ అద్దానికి తప్ప రాదు" అన్నాడు. నేను పరదా వెనక నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆ ఛాయ జర్మనీది కాదు. వానాకాలం మాకు ఎర్రనీళ్ళు వచ్చేవి. ఫోటో చెరగకుండా నిలబెట్టే హైపో మందు పాతబడినా అదే వాడమనేవాడు కామేశం గారు. సరిగ్గా కడగని ఫోటో కొన్నాళ్ళకి అలా గోధుమ రంగుకి తిరుగుతుంది. ఆ తర్వాత పూర్తిగా పోతుంది. ఆయన చూసి మురిసింది ఫోటో చచ్చిపోతుంటే వచ్చిన రంగు.

జర్మనీ కెమెరా చెడిపోయి బాగుకి వెళ్ళిన రోజుల్లో కూడా దాని ఖాళీ పెట్టె స్టాండు మీద ఉండేది. కామేశం గారు దాని పక్కన నిలబడి జపాన్ దాంతో తీసేవాడు. ఒక్కరు కూడా తేడా పట్టలేదు.

అయితే తేడా ఏమీ లేదా అంటారు మీరు. ఉంది. నెగెటివ్ మీదకి వంగి చూసేదాన్ని కాబట్టి నాకు తెలుసు. జర్మనీది నీడలో కూర్చున్న మనిషిని మెత్తగా తీసేది. అంచుల్లో కొంచెం కరిగినట్టు ఉండేది. ఎండ ఎదురుగా పడితే పల్చని పాలు పోసినట్టు తెల్లబోయేది. జపాన్‌ది కఠినం. ప్రతి గుంటా, ప్రతి గీతా చెక్కినట్టు వచ్చేది. దాని నెగెటివ్ వస్తే నాకు రెట్టింపు పని. కిరణ్ నెగెటివ్ చూసి చెప్తానంటే నేను ఒప్పుకుంటాను. గోడ మీది ఫోటో చూసి చెప్తానంటే మాత్రం ఒప్పుకోను. నెగెటివ్‌కీ గోడకీ మధ్య ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు.

ఒక మచ్చకి తిన్న తిట్లు

చేరిన ఏడాదిలో ఒక తప్పు చేశాను. కుర్ర ఇంజనీరు ఒకాయన సంబంధానికి పంపడానికి ఫోటో తీయించుకున్నాడు. గడ్డం కింద నాలుగు గుంటలు వదిలేశాను. ఆ గుంటలతోనే ఆయన మొహం ఆయనదిలా ఉంది అనిపించింది. ఫోటో తిప్పి పంపేశాడు.

కామేశం గారు నలుగురు గిరాకీల ముందు నన్ను పిలిచాడు. "ఇదేటి? నీ కళ్ళకేటైనా తెగులా? మా కొట్టుకి ఎవులొచ్చినా మచ్చల్లేకుండా బయటికెల్తారు. నీకు నచ్చిన మచ్చలుంటే మీ ఇంట్లో ఎట్టుకో" అన్నాడు.

ఇంటికొచ్చి ఏడ్చాను. మర్నాటి నుంచి ఎవరి మొహమని చూడడం మానేశాను. నెగెటివ్ బల్ల మీద పడితే ముందు చెయ్యి కదిలేది. నింపేసిన తర్వాత మనిషిని చూసేదాన్ని. చెయ్యి వేగం పెరిగింది, కామేశం గారు మెచ్చుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. కానీ మెచ్చుకున్నదల్లా మంచి అలవాటు కాదని ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

కళ్ళు తెరిపించడం

ఇది మీకు వింతగా ఉంటుంది. మా చుట్టుపక్కల ఊళ్ళలో చాలామంది బతికుండగా ఒక్క ఫోటో కూడా తీయించుకునేవాళ్ళు కాదు. మనిషి పోయాక, పాడె కట్టే లోపల, కామేశం గారికి కబురొచ్చేది. ఆయన వెళ్ళి తీసుకొచ్చేవాడు. కానీ మూసిన కళ్ళకి ఎవరూ దండ వెయ్యరు. కాబట్టి ఫోటో మీద సన్న కుంచెతో, బ్లేడు మొనతో, నేను కళ్ళు తెరిపించేదాన్ని. మొహం నున్నగా చేసి, నుదురు సాపు చేసి, కళ్ళు పెట్టి ఇస్తే ఇంటివాళ్ళు దాన్ని గుండెకి హత్తుకుని ఏడ్చేవాళ్ళు.

కళ్ళు గీయడం నాకెవరూ నేర్పలేదు. చేతి అద్దం ఎదురుగా పెట్టుకుని నా కళ్ళు చూసి నేర్చుకున్నాను. తర్వాత చూడక్కర్లేకపోయింది, చేతికే వచ్చేసింది. ఒకసారి కుందురలో మీ తాతయ్య స్నేహితుడింటికి పరామర్శకి వెళ్ళాను. గోడ మీద వాళ్ళ నాన్న ఫోటో. దండ కింద నుంచి నా కళ్ళే నన్ను చూస్తున్నాయి. ఇంటాయన పక్కకొచ్చి, "సూపు సూడమ్మా, ప్రాణం ఉన్నట్టు లేదేటి? జర్మనీ కెమెరా మరి" అన్నాడు. మంచినీళ్ళు కూడా తాగకుండా వచ్చేశాను.

వెయిటింగ్ హాల్లో మనిషి

ఒక వానాకాలం, స్టేషన్ వెయిటింగ్ హాల్లో ఒక మనిషి జ్వరంతో చచ్చిపోయాడు. పాతికేళ్ళుంటాయి. ఆ జ్వరం మా వైపు ఏటా వచ్చేదే. పొద్దున ఒణుకు, సాయంత్రానికి మాట తడబాటు, రెండో రోజుకి మనిషి ఉండడు. అతని దగ్గర పేరు చెప్పే కాగితమేదీ లేదు. పోలీసులు కామేశం గారిని పిలిచారు. ఆయన జపాన్ కెమెరా పట్టుకెళ్ళి మొహం దగ్గరగా ఒక్క ఫోటో తీశాడు. ఆ సాయంత్రమే మున్సిపాలిటీలో పనిచేసే పైడయ్య నదొడ్డున శవాన్ని పూడ్చేశాడు. పైడయ్య వాళ్ళదీ మా విజయనగరం వైపే. రోజూ మా వీధి ఊడ్చేవాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

మర్నాడు నా బల్ల మీద పడ్డ రీల్లో అన్నీ మిల్లు కూలీల గుర్తింపు కార్డుల ఫోటోలు. చివర్లో ఇతనొక్కడు, కళ్ళు మూసుకుని. ఇది పోలీసుల కోసమని కామేశం గారు చెప్పలేదు. పొద్దున్నే ఇంకో ఊరికి వెళ్ళిపోయాడు. నేను ఎవరో ఇంటివాళ్ళు గోడకి కావాలని తీయించుకున్నారనుకున్నాను. ఇంత చిన్న వయసులో పోయాడే అని మనసు కలుక్కుమంది. మొహం నిండా అమ్మవారి మచ్చలు, వేలు పెట్టడానికి చోటు లేదు. రెండు రోజులు కూర్చున్నాను. ఒక్క గుంట మిగల్చలేదు. ఫోటో వేసి, కళ్ళు తెరిపించాను. పదిహేడేళ్ళలో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి లేదు. అదే నేను చేసిన అన్నిటికన్నా పెద్ద తప్పు.

బెహరా బాబు అని ఒక కానిస్టేబుల్, ఒడియా ఆయన, ఫోటో కోసం వచ్చాడు. చూసి ఆశ్చర్యపోయాడు. "భల హెలా మా, బాగా చేశావు! బతికొచ్చినట్టున్నాడు. కళ్ళు తెరిస్తే ఇంకా తొందరగా గుర్తుపడతారు" అని సంతోషంగా పట్టుకెళ్ళాడు. అప్పుడు తెలిసింది నాకు అది ఎవరి కోసమో. వెనక్కి పిలుద్దామనుకున్నాను. ఆయన అప్పటికే సైకిలెక్కాడు. రేపు చెప్దాంలే అనుకున్నాను.

సూరమ్మ

నెలన్నర పోయాక ఒక మధ్యాహ్నం, కామేశం గారు భోజనానికి వెళ్ళినప్పుడు, ఒక ముసలామె పరదా తీసి లోపలికొచ్చింది. నిజానికి నడివయసే, ఎండకి అలా అయిపోయింది. బంధుగాం నుంచి వచ్చింది. అక్కడ సంతలో చింతపండు అమ్ముకుంటుంది. పేరు సూరమ్మ. ఒక్కడే కొడుకు, అప్పన్న. మిల్లుకి వెదురు లోడు చేసే పనికని వచ్చి మళ్ళీ ఇంటికి రాలేదు.

"ఠాణాలో ఓ బొమ్మ సూపించేరమ్మి. నువ్వే సేసేవట" అంది.

"అవునమ్మా."

"ఆడు మా ఓడు కాడు. మా ఓడికి మొకం నిండా అమ్మోరు పోసింది. ఆడి మొకం అరిటాకులాగుంది. కళ్ళు కూడా మా ఓడియి కావు." ఆమె మొహంలో వెలుగుంది. నడిచి నడిచి వచ్చిన మనిషి మొహం కాదు అది. "అయినా అడిగిపోదామని వచ్చేను. బొమ్మలో అగుపడకుండా మచ్చలేటైనా ఉంటాయేటి?"

నాకు అంతా అర్థమైంది. నా ముందున్న పెట్టెలోనే ఆ నెగెటివ్ ఉంది. నోరు తెరిస్తే అయిపోతుంది. ఆ ఏడే మీ తాతయ్య కాలు బోగీలు మార్చే షంటింగ్‌లో నలిగింది. మంచం మీదున్నాడు. ఇల్లు నా పెన్సిల్ మీద నడుస్తోంది. అదొకటి. రెండోది, ఆమె మొహంలో ఉన్న ఆ వెలుగు. దాన్ని నా చేత్తో ఆర్పడానికి ధైర్యం చాలలేదు. ఏది ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేదు.

"నాకు గుర్తు లేదమ్మా, రోజుకెన్నో చేస్తాం" అన్నాను.

"అదీ నిజమేలే" అంది. పోతూ పోతూ ఆగి నా వైపు చాలాసేపు చూసింది. "నిన్నెక్కడో సూసినట్టుందమ్మి" అంది.

నన్ను ఆమె ఎక్కడా చూడలేదు. అంతకు గంట ముందు ఠాణాలో, ఆ ఫోటోలో నా కళ్ళు చూసింది.

జపాన్ ఫోటో

తర్వాత వారంలోనే పైడయ్య ఠాణా ఊడుస్తూ గోడ మీద ఫోటో చూశాడు. బెహరా బాబుని వెంటబెట్టుకుని స్టూడియోకి వచ్చాడు. నేను పరదా వెనకున్నాను.

"నాను పూడిసినోడు ఈడు కాడు బాబూ" అన్నాడు పైడయ్య. "ఆడి మొకం నిండా అమ్మోరు మచ్చలు. ఈ సేతుల్తోనే మట్టి కప్పేను."

బెహరా బాబు కామేశం గారి వైపు తిరిగి, "ఏమిటి బాబూ ఇది? ఒక తల్లి వచ్చి చూసి వెళ్ళిపోయింది. మచ్చలున్న ఫోటో ఇంకోటి వేసి ఇవ్వండి, కబురు పంపిస్తాను" అన్నాడు.

అప్పటికి కామేశం గారికి జరిగిందేమిటో తెలిసిపోయింది. స్టూడియో ఆడమనిషి పోలీసు ఫోటో పాడు చేసిందంటే ఇంక ఆ పని తనకి రాదు. జపాన్ కెమెరా చేతిలోకి తీసుకున్నాడు.

"దీంతో తీసేను బాబూ. ఇదో రకం అద్దం. మొకం మీద గుంటల్ని తీసుకోదు. నున్నగా తీసేస్తాది. నెగెటివే అలా వచ్చింది, నానేటి సేస్తాను?"

బెహరా బాబు ఆ కెమెరాని అటూ ఇటూ తిప్పి చూశాడు. "విచిత్రం!" అని పెట్టేశాడు.

పైడయ్య మాత్రం, "అలాటి కెమెరా పెళ్ళికూతుళ్ళకి పనికొస్తాది గాని సచ్చినోళ్ళకెందుకు బాబూ?" అన్నాడు.

ఆ మాట వేళాకోళానికి అన్నాడు. కానీ నోరున్న మనిషి. నెల తిరక్కుండా బజారంతా అదే చెప్పుకున్నారు, కామేశం దగ్గర మచ్చలు తీసేసే జపాన్ కెమెరా ఉందని. జేకేపూర్ నుంచి, గుణుపూర్ నుంచి కూడా తల్లులు కూతుళ్ళని తీసుకుని వచ్చారు. నిన్నటిదాకా "జర్మనీదేనా" అన్నవాళ్ళే "జపాన్ దాంతో తియ్యండి" అనడం మొదలుపెట్టారు. ఒకామె నాకు తన కూతురి ఫోటో చూపించి, "సూడమ్మి, ఆ అద్దం మహత్యం" అంది. ఆ ఫోటోకి నాలుగు గంటలు పెన్సిల్ పట్టింది నేనే. మా స్టూడియోలో అబద్ధమాడనిది ఏదైనా ఉందంటే ఆ జపాన్ కెమెరా ఒక్కటే. దానికే ఊరంతా మచ్చలు తీసేసేదన్న పేరు పెట్టింది.

కిరణ్, కంపెనీకో రూపం ఉంటుందని నువ్వన్నప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది. రాయగడలో జపాన్ కెమెరాకున్న రూపం ఒక శవం మొహం మీద పుట్టింది.

టర్పెంటైన్

సూరమ్మ ఏటా వేసవిలో, చింతపండు అమ్మకాలయ్యాక వచ్చేది. ఠాణాలో అడిగి, స్టేషన్లో అడిగి, మా కొట్టు ముందు అరుగు మీద కూర్చునేది. మిల్లు కూలీల ఫోటోల్లో తన కొడుకుది ఏమైనా వచ్చిందేమో అని. "లేదమ్మా" అని పరదా వెనక నుంచే చెప్పేదాన్ని. నాలుగు వేసవులు అలా గడిచాయి.

నాలుగో ఏడు వానల్లో మీ అమ్మకి జ్వరం వచ్చింది. అప్పటికి దానికి మూడేళ్ళు. అదే జ్వరం. ఆస్పత్రి వరండాలో చాప మీద దాన్ని ఒళ్ళో వేసుకుని రెండు పగళ్ళు కూర్చున్నాను. మొదటిరోజు దాని మాట తడబడింది. ఆ వరండాలో నేను దేవుడికి మొక్కలేదు. ఇది బతికితే నీ కొడుకు మొహం నీకిచ్చేస్తానని సూరమ్మకి మొక్కాను. మీ అమ్మ బతికింది. బతికాక మొక్కు ఎగ్గొట్టడానికి మనసొప్పలేదు.

స్టూడియోకి వెళ్ళి పాత పెట్టెలోంచి ఆ నెగెటివ్ తీశాను. దూదిని టర్పెంటైన్‌లో ముంచి తుడిస్తే పెన్సిల్ గీత పోతుంది. ఇది తెలియని రీటచింగ్ మనిషి ఉండదు. అయిదు నిమిషాల పని. నాలుగేళ్ళు చెయ్యనిది అయిదు నిమిషాల్లో అయిపోయింది. దూది నల్లబడుతుంటే ఒక్కో చుక్కా మళ్ళీ వెలిగింది. జపాన్ అద్దం ఒక్క గుంట కూడా వదల్లేదు. కొత్త హైపో కలిపి, నీళ్ళు మార్చి మార్చి కడిగి ఫోటో వేశాను. కళ్ళు మూసినవి మూసినట్టే ఉంచాను.

కామేశం గారికి చూపించాను. ఆయన దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూశాడు.

"ఇప్పుడెందుకమ్మి? ఆవిడ నాలుగేళ్ళు కొడుకున్నాడని బతికింది. ఇది పట్టుకెళ్తే ఏటిస్తావు?" అన్నాడు.

"తెలీదు బాబూ. నేను తీసేసింది నేను ఇచ్చెయ్యాలి."

"నా పేరు సెప్తావేటి?"

"నా పేరే చెప్తాను."

ఆయన తల దించుకున్నాడు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. అబద్ధం చెప్పినప్పుడే దాని గడువు కూడా మనమే పెట్టాలి. పెట్టకపోతే అది ఎదుటి మనిషికి ఆస్తయిపోతుంది.

లలితా, ఒక్క పనిమాట చెప్తాను. మొహం మీద చెయ్యి వేసే ముందు, ఇది ఎవరు చూడడానికి అని అడుగు. అడగడానికి నామోషీ పడకు. ముట్టుకోని కాపీ ఒకటి పక్కన దాచు. నువ్వు చేసినదాన్ని కెమెరా చేసిందని ఎవరైనా అంటే ఊరుకోకు. మెచ్చుకున్నా సరే, ఊరుకోకు.

బంధుగాం సంత

నా మాట నమ్మదేమోనని పైడయ్యని రమ్మన్నాను. పూడ్చిన మనిషి కదా. ఇద్దరం బస్సులో వెళ్ళాం. సంతలో సూరమ్మ గోనెపట్టా మీద చింతపండు ఉండలు పేర్చుకుని కూర్చుంది. నన్ను చూడగానే, "రాయగడ అమ్మివి గదా! మా ఓడి బొమ్మ దొరికిందేటి?" అని లేవబోయింది.

ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. మచ్చలు నేనే నింపానని, కళ్ళు నేనే పెట్టానని, అడిగినప్పుడు అబద్ధమాడానని. పైడయ్య, "నానే పూడిసేనమ్మా. నదొడ్డున, రాయి ఎట్టేను. సూపిస్తాను, రా" అన్నాడు. ఫోటో ఆమె చేతిలో పెట్టాను.

ఆమె దాన్ని దగ్గరగా పట్టుకుంది. బొటనవేలుతో బుగ్గ మీద గుంటల్ని ఒక్కోటీ తడిమింది. గిరాకీ ఎవరో వచ్చి వీశ ఎంత అని అడిగి, జవాబు రాక వెళ్ళిపోయారు.

"ఈడు మా ఓడు కాడు" అంది చివరికి, నెమ్మదిగా.

"అమ్మా, మచ్చలు చూడు..."

"సూసేను. మీ జపాన్ కెమెరా మచ్చలు తీసేస్తాదని మా ఊళ్ళో సిన్న పిల్లలు కూడా సెప్తన్నారు. కాదు, నాను పెన్సిల్‌తో తీసేనంటన్నావు నువ్వు. ఏదో ఒకటిలే. తీసిన సెయ్యి ఎట్టలేదేటి? అప్పుడో మొకం తెచ్చేరు, ఇప్పుడో మొకం తెచ్చేరు. రేపు ఇంకోటి తెస్తారు. మీ బొమ్మల్ని నమ్మి నా కొడుకుని సంపుకోమంటావేటమ్మి?"

ఏం చెప్పినా పెన్సిల్ పట్టుకున్న మనిషి మాటే అది.

పైడయ్యకి ఓపిక పోయింది. "మీ ఓడు కాకపోతే ఆ బొమ్మ ఇచ్చెయ్యమ్మా, ఎల్లిపోతాం" అని చెయ్యి చాపాడు.

సూరమ్మ ఇవ్వలేదు. కొంగుతో ఫోటో తుడిచి, మడత పడకుండా రొమ్ము దగ్గర రవికలో పెట్టుకుంది.

"ఎవులి కొడుకో గదా" అంది, చింతపండు ఉండలు సర్దుకుంటూ. "ఎవులో ఒకులు దగ్గరెట్టుకోవాల."

మేం బస్సెక్కేదాకా మళ్ళీ మా వైపు చూడలేదు. ఆ తర్వాతి వేసవి నేను కొట్టు అరుగు వైపు చూస్తూ పనిచేశాను. ఆ పై వేసవి కూడా. ఆమె మళ్ళీ రాయగడ రాలేదు.